ఆ తోకలు కట్టింది నేనే

విమానాల పనిలో ఉన్నానంటే మా చుట్టాల్లో సగం మంది నేను గాలిలో ట్రే పట్టుకుని తిరిగాననుకుంటారు. నా ఒడ్డూ పొడుగూ చూసి కూడా ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు. నేను పటాన్‌చెరులో, నేల మీద, రేకుల షెడ్డులో, విమానాల లోపల పరిచే తీగలు సరిగ్గా కట్టారా లేదా అని చూసే ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. విమానం ఎక్కింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ కిటికీ పక్కనున్న ప్యానెల్ విప్పి లోపలి తీగలు ఎవరు కట్టారో చూడాలని చేతులు దురద పెట్టాయి. ఒకసారి గోరు పెట్టి లాగాను కూడా. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, చాలా మర్యాదగా, మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

ఇప్పుడు మా కాలనీ నుంచే ఇద్దరు ఆడపిల్లలు ఈ పనిలో చేరుతున్నారు. "ఆంటీ, ఏమన్న చెప్పరాదు" అని వచ్చి కూర్చుంటున్నారు. ప్రమోషన్ల గురించి నన్ను అడిగి లాభం లేదు. నాకు వచ్చినవి ఎందుకు వచ్చాయో, రానివి ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. ఫైళ్ళు, ఫారాలు కంపెనీయే నేర్పుతుంది, వద్దన్నా నేర్పుతుంది. నేను చెప్పగలిగింది నా తప్పు ఒకటుంది. చేసేటప్పుడు అది తప్పని అనిపించనే లేదు. పైగా చూడముచ్చటగా ఉందనుకున్నాను.

తీగల జడ

విమానంలో తలుపు సరిగ్గా పడిందని పైలట్‌కు తెలియాలన్నా, వంట చేసే చోట వేడి ఎక్కువైతే తెలియాలన్నా, బాత్రూంలో ఎవడైనా దొంగచాటుగా సిగరెట్ ముట్టిస్తే గంట మోగాలన్నా తీగ కావాలి. ఒకటి రెండు కాదు, వేల తీగలు. వాటిని కొలత ప్రకారం కోసి, కొసలకు పిన్నులు నొక్కి, మంచమంత చెక్కబల్ల మీద మేకుల మధ్య పరిచి, మైనం పూసిన దారంతో బెత్తెడుకో ముడి వేస్తూ కట్టాలి. కాగితాల మీద దాన్ని హార్నెస్ అంటారు. మా షెడ్డులో ఆడవాళ్ళు జడ అనేవాళ్ళు. "రేపు రెండు జడలు పోవాలె" అంటే రెండు విమానాలకు సరుకు వెళ్ళాలని అర్థం.

జడ పూర్తయ్యాక ప్రతి తీగకూ రెండు కొసల్లో మీటరు పెట్టి చూస్తాం. తీగ బాగుంటే బజర్ మోగుతుంది. మోగితే మోగిందని రాస్తాం, లేకపోతే లేదని రాస్తాం. నా ఉద్యోగం మొత్తం ఈ ఒక్క వాక్యంలో వచ్చేసింది. మిగతాదంతా క్యాంటీన్ పప్పు గురించి ఫిర్యాదులే.

మా షెడ్డులో అందరికన్నా మంచి చెయ్యి యాదమ్మది. కర్దనూర్ నుంచి వచ్చేది. పదో తరగతి ఎందుకు తప్పిందో అడిగితే "లెక్కల సార్ మొకం నచ్చలే" అనేది. ఆమె వేసిన ముడి విప్పాలంటే బ్రహ్మదేవుడు గోళ్ళు పెంచుకుని రావాలి. పొగ, వేడి, తలుపులు, ఈ మూడు రకాల తీగల జడ తయారయ్యేది ఆమె బల్ల మీదే. ఆమెతో కలిపి పదకొండు మంది ఆడవాళ్ళు ఆ బల్ల మీద బతికేవాళ్ళు.

పైలట్ మీసం కూడా ఊగకూడదు

నాకు పని నేర్పింది గౌస్ సార్. సంగారెడ్డిలో కుట్టుమిషన్లు బాగుచేసే ఇంటి మనిషి. తెల్ల గడ్డం, చేతిలో ఎప్పుడూ భూతద్దం. చేరిన మొదటి నెలలో నేను కట్టిన జడ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. కొత్త చీర కట్టుకుని అద్దం ముందు నిలబడినట్టు నిలబడ్డాను. ఆయన ఒక కొస పట్టుకుని, తడి తువ్వాలు దులిపినట్టు ఒక్క దులుపు దులిపారు. మధ్యలో ఒక తీగ రవ్వంత కదిలింది.

"క్యా సుగుణమ్మా, ఇమానానికి ఉయ్యాల గట్టినవా?"

"జెరంతనే గద సార్ ఊగింది."

"జెరంత ఊగేదే పక్కదాన్ని రాసుకుంటది. రాసుకుంటే మీది తోలు పోతది. తోలు పోతే నిప్పు. ఇమానంల ఏది ఊగొద్దు సుగుణమ్మా. పైలట్ మీసం గూడ ఊగొద్దు."

నలభై ముడులు గోళ్ళతో విప్పించి మళ్ళీ కట్టించారు. ఏడుస్తూ కట్టాను. ఆయన పక్కనే కూర్చుని, టీ తెప్పించి, నేను తాగేదాకా తాను ముట్టలేదు. పని గురించి తిట్టే బాసు దొరికితే అదృష్టమనుకోండి. మీరు ఎన్నింటికి వచ్చారు, ఎవరితో మాట్లాడారు అని తిట్టేవాళ్ళే ఎక్కువగా దొరుకుతారు.

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకు వచ్చింది. కుర్చీతో పాటు ఆ జబ్బు కూడా వచ్చింది. ఊగేది ఏది కనిపించినా చేతులు ఆగేవి కావు. ఇంట్లో మిక్సీ వైరు, ఫ్రిజ్ వైరు, ఇస్త్రీపెట్టె వైరు, అన్నింటికీ ముడులే. ఫోను ఛార్జరును మంచం కోడుకు కట్టేస్తే మా ఆయన నెలరోజులు మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్లు మాట్లాడాడు.

తీగలు వద్దన్న అమ్మాయి

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు ప్లాంట్ హెడ్ రాఘవరావు గారు షెడ్డులో మైకు పట్టుకుని ఒక కబురు చెప్పారు. ఇకమీదట విమానంలో కొన్ని చోట్ల తీగలే ఉండవట. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద డబ్బీలు పెడతారట. పొగ వచ్చినా, వేడెక్కినా, తలుపు సరిగ్గా పడకపోయినా ఆ డబ్బీలే గాలిలో కబురు పంపుతాయట. ముందు మా షెడ్డులోనే పరీక్ష. మా దగ్గర విమానం నడుము భాగం ఒకటి ఉండేది, కొత్త జడలు అమర్చి చూసుకోవడానికి. దాన్ని డమ్మీ అనేవాళ్ళం. అందులో పన్నెండు డబ్బీలు పెట్టి చూస్తారన్నమాట.

ఆ పని కోసం వచ్చిన ఇంజినీరు పేరు నవ్య. సదాశివపేటలో ధాన్యం వ్యాపారం చేసే వాళ్ళమ్మాయి. మనిషి సన్నగా, మాట గబగబా. ఏడాది కాంట్రాక్టు మీద తీసుకున్నారు. పరీక్ష నెగ్గితే ఉద్యోగం, లేకపోతే లేదు. ఈ సంగతి ఆ అమ్మాయే మొదటిరోజు నవ్వుతూ చెప్పింది.

మా ఆడవాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. ముందు యాదమ్మ మొదలుపెట్టింది.

"తీగ లేకుంట కబురెట్ల పోతది బిడ్డా?"

"మీ ఫోన్ల మాట ఎట్ల పోతది? గట్లనే."

"నా ఫోను కర్దనూర్ మలుపు కాడ రోజు కట్టయితది. ఇమానంల గట్ల కట్టయితే ఏంజేస్తరు? పక్కకు ఆపి మల్ల జేస్తరా?"

షెడ్డంతా గొల్లుమంది. నవ్య కూడా నవ్వింది. తరువాత ఓపికగా చెప్పింది. ఈ డబ్బీలు తిరిగే ఫోన్ల వంటివి కావట, ఒకచోటే ఉంటాయట. ఒకదాని మాట నేరుగా వినబడకపోతే పక్క డబ్బీ అందుకుని చేరవేస్తుందట. తీగల బరువు తగ్గితే ఇంధనం తగ్గుతుంది. ప్యానెల్ వెనుక ఎక్కడో ఒక తీగ తెగితే సీట్లన్నీ పీకి వెతికే బాధ ఉండదు. విమానాన్ని నడిపే ముఖ్యమైన తీగలను ఎవరూ ముట్టుకోరు. పోయేవల్లా పొగ, వేడి, తలుపులవి మాత్రమే.

"అంటే నా బల్ల పోతదన్నట్టు" అంది యాదమ్మ. ఎవరూ నవ్వలేదు.

నేను మాత్రం మనసులో తీర్పు రాసేసుకున్నాను. బ్యాటరీ డబ్బీలట! టీవీ రిమోట్‌లో బ్యాటరీ అయిపోతే కొత్తది వేసే ఇల్లు మన దగ్గర ఒక్కటి చూపించండి. వెనక నాలుగు దెబ్బలు కొట్టి, మూత తీసి, అవే బ్యాటరీలు తిప్పి వేస్తాం. ఈ దేశంలో ఇది నడుస్తుందా అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ ముందే తీర్పు రాసుకోకూడదు. రాసుకున్నాను. అది నా మొదటి తప్పు, చిన్నది. పెద్దది వెంటనే వచ్చింది.

లంచ్ బెల్

డమ్మీ లోపల చెయ్యి పెట్టే అధికారం అందరికీ ఉండదు. దానికి శిక్షణ, కార్డు ఉండాలి. నవ్యకు అవి లేవు. కాబట్టి డ్రాయింగ్ ఆమె ఇచ్చింది, డబ్బీలు బిగించింది నేనూ యాదమ్మా. ఆమె బయట బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

డ్రాయింగ్ బాగుంది. ఏ డబ్బీ ఎక్కడ, ఏ స్క్రూ, ఎంత బిగువు, అన్నీ ఉన్నాయి. ప్రతి డబ్బీకీ బెత్తెడు పొడవు నల్లటి తోక ఒకటుంది. డ్రాయింగులో అది చిన్న గీత. దాని పక్కన ఒక్క ముక్క రాసి లేదు.

మొదటి డబ్బీ బిగించాం. తోక గాలిలో వేలాడుతోంది.

"ఇదేందక్కా, బల్లి తోకోలె ఊగుతుంది!" అంది యాదమ్మ.

నా చేతులు అప్పటికే దారం కోసం వెతుకుతున్నాయి. తోకను రెండు మడతలు పెట్టి, పక్కనున్న అల్యూమినియం పట్టీకి ఆనించి, ముడి వేసి చూపించాను. తరువాతవి యాదమ్మ కట్టింది. ఏం కట్టింది! పట్టీలో కలిసిపోయాయి. గౌస్ సార్ వచ్చి దులిపినా ఇసుమంత కదలవు. డ్రాయింగులో లేని పని చేసే ముందు డ్రాయింగ్ ఇచ్చిన మనిషిని అడగాలి. ఆ మనిషి పది అడుగుల దూరంలో ఉంది. ఊగుతున్నదాన్ని కట్టేయడానికి ఒకరిని అడగాలని నాకు తోచనే లేదు. అన్నం తినే ముందు చెయ్యి కడుక్కోవచ్చా అని ఎవరినైనా అడుగుతామా?

ఏడో తోక కట్టేసరికి లంచ్ బెల్ కొట్టింది. మిగతా ఐదు డబ్బీలు బిగించాం గానీ తోకలు వేలాడుతూనే ఉన్నాయి. "తిని వచ్చినంక కడదాం" అన్నాను. మధ్యాహ్నం ఇంకో సరుకు లారీ ఎక్కించాల్సి వచ్చి ఆ మాటే మరిచిపోయాను. సాయంత్రం ప్యానెళ్ళు మూయించి, డబ్బీల అమరిక సరిగ్గా ఉందని రాసి, సంతకం పెట్టాను.

మిర్చి బజ్జీలు

పరీక్ష పెట్టారు. పన్నెండు డబ్బీల్లో ఐదు పలికాయి. ఏడు పలకలేదు. అప్పుడప్పుడు వాటిలో ఒకటి మూలిగినట్టు ఒక మాట పంపేది, మళ్ళీ నిశ్శబ్దం.

నవ్య మూడు వారాలు పడిన అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. ప్రోగ్రాం మార్చింది. బ్యాటరీలు మార్చింది. కబురు అందుకునే పెట్టెను డమ్మీలో ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగుసార్లు జరిపించింది. పలకని డబ్బీని బయటికి తీసి ఇమ్మనేది. నేను లోపలికి వెళ్ళి, ముడి విప్పి, తోక సాపు చేసి మరీ తెచ్చి ఇచ్చేదాన్ని. బల్ల మీద పెడితే అది బ్రహ్మాండంగా మాట్లాడేది. తిరిగి తీసుకెళ్ళి శుభ్రంగా కట్టి ప్యానెల్ మూస్తే మౌనవ్రతం.

"బయట మంచిగనే పలుకుతది గద మేడం. లోపల ఏమైతుందో సమజైతలేదు" అనేది. కళ్ళ కింద నల్లగా అయిపోయింది.

"ఇమానం లోపల గట్లనే ఉంటది బిడ్డా. అందుకే తీగలు పెట్టింది" అనేదాన్ని నేను. ఎంత పెద్దరికం!

మూడో వారం చివర రాఘవరావు గారు నన్ను పిలిచి, సోమవారం కస్టమర్ తరఫు వాళ్ళు వస్తున్నారు, పరీక్ష విఫలమైందని కాగితం తయారు చేస్తున్నాం, ఇన్‌స్పెక్టర్‌గా మీరు సంతకం చేయాలి అన్నారు. నవ్య కాంట్రాక్టు కూడా అంతటితో సరి. కబురు షెడ్డులోకి నాకంటే ముందే చేరింది. సాయంత్రం యాదమ్మ బల్ల వాళ్ళు మిర్చి బజ్జీలు తెప్పించారు. నవ్యను కూడా పిలిచి పెట్టారు. ఎందుకు పెడుతున్నారో తెలియక ఆ అమ్మాయి ఒకటి తిని "కారం బాగుంది" అంది. నేను నాలుగు తిన్నాను. ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో మండుతుంది.

ఎనిమిదో నంబరు

శుక్రవారం నా డైరీ తిరగేస్తుంటే పాత రాత కనిపించింది: "ఐదు తోకలు మిగిలాయి, కట్టాలి." సోమవారం బయటివాళ్ళు వచ్చి ప్యానెళ్ళు విప్పి చూస్తారు. నా షెడ్డులో ఊగే తోకలా! దారం ఉండ పట్టుకుని డమ్మీలోకి దూరాను. నవ్య బయట తన లాప్‌టాప్ ముందే ఉంది. ఇంకా ఆశ చావలేదు పాపం. యాదమ్మ ఆ పక్కనే తన బల్ల మీద పనిలో ఉంది.

ఎనిమిదో నంబరు ప్యానెల్ తీసి, తోక మడిచి, పట్టీకి ఆనించి ముడి బిగించాను.

"అయ్యో మేడం, ఎనిమిది పోయింది!" బయటి నుంచి నవ్య అరుపు.

ముడి ఇంకా సరిగ్గా పడలేదు, విప్పాను.

"వచ్చింది, వచ్చింది!"

మళ్ళీ కట్టాను.

"మల్ల పోయింది! మేడం, మీరేమన్న ముట్టుకున్నరా?"

ఇంకోసారి విప్పాను. వచ్చింది. ఇంకోసారి కట్టాను. పోయింది. కట్టినవి ఏడు, పలకనివి ఏడు. లంచ్ బెల్ ఇంకో అరగంట ఆలస్యంగా కొట్టి ఉంటే పన్నెండూ చచ్చేవి. ఆ తోక తీగ కాదు, యాంటెన్నా. ఆ డబ్బీకి నోరూ చెవీ అదే. నేను దాన్ని మడిచి, లోహానికి అదిమి, నోరు కట్టేశాను. మూడు వారాల పాటు దానికి మాట రాదని ఊరంతా చెప్పుకున్నాను.

తోక విప్పి, ప్యానెల్ మూసి బయటికి వచ్చాను. "ఏమైంది మేడం?" అంది నవ్య. "ఏమో బిడ్డా, మోచెయ్యి తగిలినట్టున్నది" అన్నాను. నేరుగా క్యాంటీన్‌కు వెళ్ళి టీ తీసుకున్నాను. తాగలేదు.

ఎందుకు చెప్పలేదు? అబద్ధమాడి లాభం లేదు, మొదట సిగ్గు. ఇంత సర్వీసు పెట్టుకుని, బెత్తెడు తోక దగ్గర బోల్తా పడ్డానని ఎవరి ముందు చెప్పుకోవాలి? కాస్త తేరుకున్నాక సిగ్గు కన్నా మర్యాదైన కారణం ఒకటి దొరికింది. నోరు మూసుకుంటే యాదమ్మ బల్ల నిలుస్తుంది. పదకొండు ఇళ్ళు. అటువైపు ఒక్క అమ్మాయి, చదువుకున్నది, ఇంకోచోట ఉద్యోగం దొరక్కపోదు. ఇలా లెక్క వేసుకున్నాను. నా కోసం కాదు, వాళ్ళ కోసం అనుకోగానే ఎంత హాయిగా అనిపించిందో! అలా హాయిగా అనిపిస్తే జాగ్రత్తపడండి.

శనివారం నవ్య మిగిలిన సామాను అట్టపెట్టెల్లో సర్దుతోంది. లిస్టు మీద నా సంతకం కోసం వచ్చింది.

"మేడం, మీకొక మాట చెప్పాలె. మూడు వారాలు నేను అడిగినప్పుడల్ల లోపలికి పోయి, తీసి, మల్ల బిగించిండ్రు. ఒక్కసారి గూడ విసుక్కోలే. ఈ కంపెనీల నాకు సాయం చేసింది మీరొక్కరే."

తల కొట్టేసినట్టయింది. సంతకం వంకరగా పడింది. ఆదివారం ఇంట్లో పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. బజర్ మోగకపోతే మోగలేదని రాయడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఇప్పుడు రాయబోయేది కూడా అక్షరాలా నిజమే, ఏడు డబ్బీలు మోగలేదు. మోగకుండా చేసిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆ కాగితంలో ఉండదు.

సోమవారం

డమ్మీ పక్కనే కుర్చీలు వేశారు. కస్టమర్ తరఫున ఇద్దరు వచ్చారు. రాఘవరావు గారు కాగితం చదివి వినిపించారు. నవ్య చివరి కుర్చీలో నేల చూపులు చూస్తోంది. వచ్చినవాళ్ళు చూడాలంటే ప్యానెళ్ళు తీయాలి కాబట్టి యాదమ్మను డమ్మీ తలుపు దగ్గర నిలబెట్టారు.

కాగితం నా ముందుకు వచ్చింది. పెన్ను తీశాను. మూత తీశాను. "పరీక్షలో లోపం పరికరానిది" అని ఉంది అందులో. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను. పెన్నుకు మూత పెట్టి లేచాను.

"సార్, లోపం పరికరానిది కాదు. నాది."

"ఏమిటి సుగుణ గారూ?" అన్నారు రాఘవరావు గారు, నాకు బీపీ పడిపోయిందేమో అన్నట్టు.

"చెప్పుడు కన్న సూపిస్త సార్. నవ్యా, లాప్‌టాప్ తెరువు బిడ్డా."

డమ్మీలోకి నడిచాను. యాదమ్మ నా వెనకే వచ్చి మొదటి ప్యానెల్ తీసింది. ముడి విప్పుతూ కూర్చునే ఓపిక లేదు. కత్తెర కోసం చెయ్యి చాచేలోపే నా అరచేతిలో కత్తెర పడింది. ముడి కోశాను. తోక ఒళ్ళు విరుచుకున్నట్టు నిటారుగా లేచింది.

"ఒకటి వచ్చింది" అంది నవ్య గొంతు బయటి నుంచి.

రెండోది కోశాను. "రెండు వచ్చింది." మూడు. నాలుగు. ఒక్కోదానికీ గొంతు పెరుగుతోంది. ఏడోది కోశాక ఏ మాటా వినబడలేదు. తల బయటికి పెట్టి చూస్తే ఆ అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తోంది. తెర మీద పన్నెండూ పచ్చగా వెలుగుతున్నాయి.

కస్టమర్ తరఫు పెద్దాయన నవ్యను అడిగాడు: "తోక కట్టకూడదని డ్రాయింగులో ఉందా?"

"లేదు సార్" అంది కళ్ళు తుడుచుకుంటూ. "రాయాల్సింది నేనే. అది అందరికీ తెలిసిందే అనుకున్నాను."

"ఊగేది కట్టాలని మాకు గూడ అందరికి తెలిసిందే సార్" అన్నాను నేను.

ఆయన పెద్దగా నవ్వాడు. రాఘవరావు గారు నవ్వలేదు. తరువాత తన గదిలో తలుపు వేసి "మూడు వారాలండీ, మూడు వారాలు!" అని అరిచారు. న్యాయమే. శుక్రవారమే తెలిసిందని చెప్పినప్పుడు అరవడం మానేసి నా వైపు చూశారు. ఆ చూపు కన్నా అరుపే నయం. తప్పు జరిగిన పనికి మేము ఎర్ర చీటీ కడతాం, ఎవరి వల్ల అన్నది దాని మీద రాస్తాం. ఎంతోమంది పేర్లు రాసిన చేత్తో నా పేరు నేనే రాసుకున్నాను.

నవ్య కాంట్రాక్టు నిలిచింది. మిగతా పరీక్షలన్నీ నెగ్గాక కొత్త బ్యాచ్ నుంచి యాదమ్మ బల్ల తీసేశారు. ఆరుగురిని కరెంటు కేబుళ్ళ వైపు వేశారు, యాదమ్మ వాళ్ళలో ఒకతె. ముగ్గురు నవ్య దగ్గర డబ్బీలు బిగించే పనికి వెళ్ళారు. ఇద్దరు మానేసి పాశమైలారంలో మందుల ప్యాకింగ్‌లో చేరారు. ఆ ఇద్దరూ బస్సులో కనిపిస్తే నేనే ముందు తల దించుకునేదాన్ని. నిజం చెప్పినందుకు బాధ లేదు. దాని ఖర్చు నేను కాకుండా వాళ్ళు భరించారన్న బాధ ఉంది, అది పోదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. మీది కాని విద్య ఉన్న మనిషి మీ షెడ్డులోకి వస్తే మొదటి వారమంతా ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం తినండి. మరీ తెలివితక్కువగా తోచే ప్రశ్నలన్నీ అక్కడే అడిగేయండి. "ఈ తోక ఎందుకమ్మా?" అని ఒక్క మాట అడిగి ఉంటే నాకు ఈ కథే ఉండేది కాదు.

మేకుకు వేలాడిన బిళ్ళ

ఆ సోమవారం సాయంత్రం ఇంటికి బయలుదేరుతూ కోటు జేబులో చెయ్యి పెడితే కత్తెర తగిలింది. విమానాల పనిలో ఇది చిన్న విషయం కాదు. ఏ పనిముట్టూ లోపల మరిచిపోకుండా ఉండటానికి మాకొక పద్ధతి ఉంది. టూల్ రూంలో ఏది తీసుకున్నా అది వేలాడే మేకుకు మన నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి. పక్కన పలక మీద టైం రాయాలి. పనిముట్టు తిరిగి ఇస్తేనే బిళ్ళ చేతికి వస్తుంది, అప్పుడే గేటు దాటాలి.

టూల్ రూంకు పరిగెత్తాను. కత్తెర మేకుకు యాదమ్మ బిళ్ళ వేలాడుతోంది. పక్కన ఆమె కోడిగీతలతో రాసిన టైం: పొద్దున ఎనిమిది.

మీటింగు పదకొండింటికి. ప్యానెళ్ళు తీయడానికి స్క్రూడ్రైవర్ చాలు. ఆ రోజు డమ్మీ దగ్గర కత్తెరతో ఎవరికీ పని లేదు.

యాదమ్మ బిళ్ళ కోసం అప్పుడే వచ్చింది. భుజాన సంచి, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా. కత్తెర మేకుకు తగిలించి బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను.

"పొద్దున ఎనిమిదింటికే కత్తెర ఎందుకు తీసుకున్నవే యాదమ్మా?"

"పోయింది, వచ్చింది అని శుక్రారం ఆ పిల్ల మొత్తుకుంటుంటే నా చెవులల్ల దూది పెట్టుకున్ననా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నాకు చెప్పినవా?"

"నీ బల్ల పోతదని ఊకున్న" అన్నాను.

"నా బల్ల గురించి నన్నడగాలె గదక్కా." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గా బల్ల మీద మోగనిది మోగిందని ఎన్నడన్న రాసినమా? గట్ల నిలవెట్టుకునే బల్ల నాకెందుకు?"

"నేను లేవకపోతే?"

"సంతకం పెట్టేదాంక సూద్దామనుకున్న. నువ్వు పెన్ను మూత తీసినవ్ సూడు, గప్పుడే కత్తెర వట్టుకుని ఒక కాలు డమ్మీల వెట్టిన. రెండో కాలు వెట్టకముందే నువ్వు లేసినవ్."

బస్సు హారన్ వినబడింది. "ఇగ పోత" అంటూ బిళ్ళ జేబులో వేసుకుని గబగబా వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ ఆమె పనిని నేను తనిఖీ చేస్తున్నాననే అనుకున్నాను.